ముందుగది నేలతలుపు

లింకన్‌షైర్,
12 ఫిబ్రవరి 1944

మామయ్యా,

నీ మేనల్లుడికి ఎట్టకేలకు సొంతగది దొరికింది. ఊళ్ళో కాదు, మా బండిలో. ఉత్తరాల్లో బండి పేరు రాయకూడదని మా పెద్దాఫీసరు ఆజ్ఞ. ఏ బండో నీకు చెప్పాలా? మీ విమానాల కంపెనీలో దాని ముక్కు బొమ్మలు గీస్తూనే కదా నువ్వు నడుం వంగదీసుకున్నది! అందుకని ముక్కుని 'ముందుగది' అని రాస్తాను. ఎవరైనా విప్పి చదివినా ఎక్కడో అద్దెకుంటున్నానని అనుకుంటారు.

ఏం గది మామయ్యా అది! బోర్లా పడుకుంటే గడ్డం కింద దేశమంతా కనిపిస్తుంది. ఎదురుగా బుడగలాంటి అద్దం, ఎడంపక్క గురియంత్రం, కుడిచేతికి బాంబులు వదిలే మీటలు. నెత్తిమీద తుపాకీ గుమ్మటం. పడుకుంటే బాంబులు వేసేవాణ్ణి, లేచి నిలబడితే తుపాకీవాణ్ణి. వాన పడితే మాత్రం చట్రం సందులోంచి నీళ్ళు సరిగ్గా నా మెడమీదే కారతాయి. ఆ చట్రం గీసిన మహానుభావుడికి నా దండాలు.

నా పొట్టకింద మెత్త ఉంది, మెత్తకింద నేలతలుపు. ఏదైనా అయితే మెత్త తీసి, తలుపు ఊడబెరికి, పారాచూట్‌తో కిందికి దూకాలి. నేను, ఇంజనీరు, దారి లెక్కలు చూసే అతను, చివర్న పైలట్ రాల్ఫ్. ముందువైపు నలుగురికీ అదొక్కటే దారి. నిన్న బండిని నేలమీద నిలబెట్టి మాచేత ఆ కసరత్తు చేయించారు. మా ఇంజనీరు హెడ్లీ గ్లెడ్‌హిల్‌ది స్కిప్టన్, వాళ్ళది రొట్టెల కొట్టు. మనిషిని చూస్తే కొట్టు సంగతి వేరే చెప్పక్కర్లేదు. రొమ్ముకి పారాచూట్ మూట తగిలించుకుని కాళ్ళు కిందికి వేలాడేసి దిగాడు. నడుందాకా దిగి ఆగిపోయాడు. పైకీ రాడు, కిందికీ పోడు. ఇద్దరు కింద గడ్డిలో నిలబడి కాళ్ళు పట్టుకు లాగితే, "ఒరేయ్, ప్యాంటు ఊడొస్తుందిరా, ఆడవాళ్ళు చూస్తున్నార్రా!" అని అరిచాడు. నవ్వలేక చచ్చాం.

చివరికి తేలిందేమిటంటే, నేను పైనుంచి వాడి మూటని ఓ పక్కకి తిప్పి భుజాలు నొక్కితే జారుతున్నాడు. అందుకని మా ఇద్దరి ఒప్పందం: ముందు వాడు, నేను నొక్కాలి, ఆ తర్వాతే నేను.

ఇంతకీ ఆ తలుపు గీసిందెవరో కనుక్కో మామయ్యా. గుడ్డ చాలని దర్జీలా ఉన్నాడు.

అమ్మ అల్లిన మేజోళ్ళు అందాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ సంగతి తనతో అనకు.

నీ
విల్ఫ్


మాంచెస్టర్,
21 ఫిబ్రవరి 1944

ఒరేయ్ విల్ఫ్,

ఉత్తరం అందింది. మీ అమ్మకి చదివి వినిపించాను, తలుపు సంగతి వదిలేసి. అది నా అక్కగా పుట్టినప్పటినుంచీ నేలకి మూడడుగుల ఎత్తులో ఉన్నా కళ్ళు తిరుగుతాయంటుంది. కొడుకు ఆకాశంలో కన్నం మీద పడుకుంటున్నాడని తెలిస్తే మంచమెక్కుతుంది.

మెడమీద కారే నీళ్ళు నావే. ఆ అద్దాల చట్రం నా బల్లమీద పుట్టిందే, ఒప్పుకుంటున్నా. రబ్బరు పట్టీ మార్చమని మీ మెకానిక్‌కి చెప్పు. నేలతలుపు మాత్రం నా పని కాదు. అది వేరే బల్లవాళ్ళది. మా ఆఫీసులో వందమందిమి గీస్తాం, ఎవరు ఏది గీశారో పైవాడికే తెలియాలి.

అయినా ఓ చిట్కా చెబుతాను. తలుపు నలుచదరం కదా, అడ్డంగా దిగితే ఇరుకు. ఈ మూల నుంచి ఆ మూలకి భుజాలు పెట్టి దిగమను, కాస్త చోటు ఎక్కువ దొరుకుతుంది. మీ రొట్టెల పిల్లవాణ్ణి కొంచెం తక్కువ తినమను కూడా.

మా కంపెనీ బ్యాండు వచ్చేనెల ఆసుపత్రిలో వాయిస్తుంది. పెద్ద బాకా నాదే. ఊదడానికి ఊపిరి సరిపోవడం లేదు, నలభై మూడేళ్ళకే ముసలాణ్ణయ్యాను. పెరట్లో ఉల్లికాడలు మాత్రం నా మోచెయ్యంత లావయ్యాయి.

మామయ్య క్లెమెంట్


లింకన్‌షైర్,
17 ఏప్రిల్ 1944

మామయ్యా,

పదకొండుసార్లు వెళ్ళొచ్చాం. ఇంకో పంతొమ్మిది అయితే మా వంతు ముగుస్తుంది. ముందుగదికి ఓ చెడ్డ గుణముంది. ఎదురొచ్చేదంతా అందరికంటే ముందు నాకే కనబడుతుంది. రాల్ఫ్ చేతుల్లో చక్రముంటుంది, హెడ్లీకి చూడ్డానికి ముళ్ళు, డయళ్ళు ఉంటాయి. నేను పొట్టమీద పడుకుని చూస్తుంటాను, అంతే. నవ్వకు, ఒక్కోసారి ఆ పల్చటి అద్దం వెనక మొహానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను. ఈ మాట ఇంకెవరికీ రాయలేను.

ఇప్పుడు అసలు సంగతి. పక్క దళంలో వేరే రకం బండ్లున్నాయి. వాటి నేలతలుపు మాదానికంటే రెండంగుళాలు వెడల్పు. మా రకంలోనూ మొదట్లో అంతే ఉండేదనీ, తర్వాత ఎవరో తగ్గించారనీ మా ముసలి మెకానిక్ అంటున్నాడు. పోయిన నెలలో రెండు బండ్లు పడిపోతే ముందువైపు నుంచి బతికి బయటపడింది ఒక్కొక్కడే. నవ్వులాట కాదు మామయ్యా.

హెడ్లీ కొలతలన్నీ తీశాడు. మూటతో మనిషి ఎంత వెడల్పుంటాడు, తలుపెంత, ఎక్కడ పట్టుకుంటోంది అంతా బొమ్మతో సహా రాశాడు. వాడి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఏడుగురం సంతకాలు పెట్టాం. దళం ఆఫీసులో ఇస్తే, పంపుతామన్నారు, ఆరు వారాలైంది, జవాబు లేదు. పోస్టులో వేయకూడదు కాబట్టి ఇంకో ప్రతి మా వైర్‌లెస్ అతని చేతికిచ్చాను, సెలవుమీద మీవైపే వస్తున్నాడు. దాన్ని నేరుగా మీ పెద్దాయన బల్లమీద పెట్టు. వేరే బల్లవాళ్ళ పనని ఊరుకోకు. నీకు తప్ప ఆ ఆఫీసులో మాకెవరూ తెలియదు.

విల్ఫ్


మాంచెస్టర్,
2 మే 1944

విల్ఫ్,

మీ వైర్‌లెస్ అతను వచ్చాడు, మర్యాదస్తుడు. టీ తాగి వెళ్ళాడు. కాగితం అందింది, చేరాల్సిన చోటికి చేర్చాను. మీ హెడ్లీ చేతిరాత నిజంగానే చక్కగా ఉంది, మా దగ్గర చేరి ఉంటే మంచి డ్రాఫ్ట్స్‌మన్ అయ్యేవాడు.

మంచిమాటే చెప్పారు. వెడల్పు చేసే పని త్వరలోనే మొదలవ్వొచ్చు, కొన్ని వారాల్లో మీ దగ్గరికి మనుషులు రావచ్చు. నువ్వింక దాన్ని తలుచుకుని బెంగపడకు. ఉన్న కాస్త తీరికలో నిద్రపో.

అరచెయ్యి అడ్డం పెట్టుకోవడంలో తప్పులేదురా. నేనైతే రెండు చేతులూ పెట్టుకునేవాణ్ణి.

మామయ్య


లింకన్‌షైర్,
28 మే 1944

మామయ్యా,

నీ ఉత్తరం భోజనాల హాల్లో బల్లెక్కి చదివాను. రాల్ఫ్ టోపీ తీసి నీకు వందనం చేశాడు. హెడ్లీ అయితే, "మీ మామయ్యకి పెళ్ళి కాలేదన్నావు కదూ, మా అత్త ఒకావిడ ఉంది" అన్నాడు. ఒళ్ళు జాగ్రత్త.

వెడల్పు చేసేవాళ్ళు ఎటూ వస్తున్నారని ఆ మూట తిప్పే కసరత్తు మానేశాం. వారం వారం చేసేవాళ్ళం, ప్రతిసారీ హెడ్లీకి చర్మం లేచిపోయేది. "ఇంకెందుకురా, కొత్త తలుపు వచ్చాక దర్జాగా దిగుతా" అంటున్నాడు.

వాళ్ళమ్మ నీకు అల్లం రొట్టె పంపింది, విడిగా వస్తుంది. ఎక్కడ కూడబెట్టిందో పంచదార! "మా అబ్బాయి మాట విన్న పెద్దమనిషికి" అని చీటీ పెట్టింది.

విల్ఫ్


యుద్ధఖైదీల శిబిరం, జర్మనీ,
3 సెప్టెంబర్ 1944

మామయ్యా, కులాసా. చీలమండ విరిగింది, అతుక్కుంది. ముగ్గురం బతికాం: నేను, వైర్‌లెస్ అతను, తోకలో తుపాకీవాడు. మిగతా నలుగురూ లేరు. హెడ్లీ లేడు. ఎందువల్ల పోయాడో నాకు తెలుసు. వాళ్ళమ్మకి నువ్వేమీ రాయొద్దు. అమ్మని జాగ్రత్తగా చూసుకో. కార్డులో ఇంతే చోటు. విల్ఫ్


మాంచెస్టర్,
10 అక్టోబర్ 1944

విల్ఫ్‌కి,

నువ్వు బతికే ఉన్నావని తెలిసిన రోజు మీ అమ్మ వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళనీ పట్టుకుని ఏడ్చింది. పాలవాణ్ణి కూడా వదల్లేదు. రెడ్‌క్రాస్ ద్వారా ఉన్ని బనీను పంపుతోంది.

నీ కార్డు చాలాసార్లు చదివాను. ఎందువల్లో తెలుసని రాశావు. అంతా విచారించకుండా ఎవరి మీదా నింద వేయకూడదని నా అభిప్రాయం. ఒక పని వెనక ఎన్నో చేతులుంటాయి. అప్పటి తొందర ఎలాంటిదో, ఎవరి పరిస్థితి ఏమిటో బయటివాళ్ళకి తెలియదు. నువ్వు తిరిగొచ్చాక మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ అమ్మకిగానీ ఇంకెవరికిగానీ ఏమీ రాయకపోతే మంచిది.

ఉల్లికాడలకి ఈ ఏడు తుప్పుతెగులు పట్టింది.

మామయ్య


ఉత్తర వేల్స్,
19 జూన్ 1945

మామయ్యా,

తిరిగొచ్చి నెలైంది. ఇంటికి రాకుండా ఇక్కడికి ఎందుకొచ్చానని అమ్మ నాలుగు ఉత్తరాలు రాసింది. ఇక్కడ పలకరాళ్ళ గనిలో పనిచేస్తున్నాను. మనుషులు తమ భాషలో తాము మాట్లాడుకుంటారు, నన్నేమీ అడగరు. అదే కావాలి నాకు.

హెడ్లీ వాళ్ళమ్మ అమ్మకి మూడుసార్లు రాసిందట, నన్ను చూడాలని. నేను వెళ్ళను. ఎందుకో నీకు చెబుతాను. నీకు సగం తెలుసనుకుంటా. 'ఎవరి మీదా నింద వేయకూడదు' అని శిబిరానికి రాశావు. నా రెండు ముక్కల్లోంచే ఊహించి నన్ను కాపాడబోయావని అప్పుడే అర్థమైంది. ఆ ఉత్తరం చిరిగేదాకా దగ్గర పెట్టుకున్నాను.

జులై ఇరవై, మిట్టమధ్యాహ్నం, ఫ్రాన్సు మీద. బాంబులు వేసేశాం. కుడి రెక్కకి గుండు తగిలింది, ఇంజను అంటుకుంది. బండి నడుం పైనుండే తుపాకీవాడు అప్పుడే పోయాడు. రాల్ఫ్ ఏమాత్రం కంగారు లేకుండా, "సరే, దిగండి నాయనలారా" అన్నాడు. మెత్త తీశాను. తలుపు ఊడబెరికాను. కింద పొలాలు పచ్చగా ఉన్నాయి. హెడ్లీ మెట్టు దిగి నా వెనకే మోకాళ్ళమీద కూచున్నాడు. నా భుజం తట్టాడు. 'నేను కదా ముందు' అని తట్టాడో, 'పదరా' అని తట్టాడో ఈరోజుకీ తెలియదు. నేను దూకేశాను.

పారాచూట్ విచ్చుకుంది. మా బండి వంపు తిరిగి మళ్ళీ నామీదుగానే వచ్చింది. దాని పొట్టకింద రెండు కాళ్ళు వేలాడుతున్నాయి. నడుందాకా. తన్నుకుంటున్నాయి. బండి చెట్ల వెనక పడేదాకా ఆ కాళ్ళు అలాగే ఉన్నాయి. వాడి వెనక రాల్ఫ్, దారి లెక్కల అతను. వాళ్ళు ఆ గదిలో ఏం చేస్తూ ఉండిపోయారో చెప్పు మామయ్యా.

ఒప్పందం నీకు రాశాను కదా. ముందు వాడు, నేను నొక్కాలి, తర్వాత నేను. ఎన్నిసార్లు చేశామో! మే నెల నుంచి మానేశాం, అందుకే ఒళ్ళు మరిచిపోయింది అని నాకు నేను చెప్పుకుంటాను. అబద్ధం. భయపడ్డాను. అంతే.

నువ్వు చేయాల్సింది నువ్వు చేశావు. మా ఏడుగురి మాట ఆలకించింది నువ్వొక్కడివే. తలుపు వాళ్ళు రాకపోవడం నీ తప్పు కాదు. ఆ రోజు తప్పు నా ఒక్కడిది. అందుకే నీకు రాయగలిగాను.

విల్ఫ్


ఉత్తర వేల్స్,
6 అక్టోబర్ 1945

మామయ్యా,

మూడున్నర నెలలైంది. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. జబ్బేమోనని అమ్మని అడిగితే, బ్యాండులో వాయిస్తూనే ఉన్నావంది.

అర్థమైంది. నా మొహం చూడాలంటే నీకు సిగ్గుగా ఉంది. తప్పుపట్టను. నేనూ గెడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో గెడ్డం వరకే చూసుకుంటాను. ఇకమీదట ఉత్తరాలు రాయను. అమ్మకి మాత్రం నేను చేసింది చెప్పకు, అంతవరకు చెయ్యి.

విల్‌ఫ్రెడ్


మాంచెస్టర్,
4 నవంబర్ 1945

ఒరేయ్ విల్ఫ్,

నీ జూన్ ఉత్తరానికి తొమ్మిది జవాబులు రాసి పొయ్యిలో వేశాను. ఇది పదోది. చదివాక నువ్వు నాకు మేనల్లుడిగా ఉండనక్కర్లేదు.

ఆ తలుపు నేను గీశాను.

1942 నవంబర్‌లో కొత్త గురియంత్రం వచ్చింది. దాని పీఠానికి చోటు చాలలేదు. నేల కింది కమ్మీని రెండంగుళాలు లోపలికి జరిపితే సరిపోతుందని నాకే తట్టింది. తలుపు ఆ మేరకి ఇరుకైంది. మా పెద్దాయన బ్రాడ్‌బెంట్ గారు, "పూర్తి దుస్తులూ మూటా వేసుకున్న మనిషిని దింపి చూశావా?" అని అడిగారు. చెక్కతో చేసిన నమూనా ముక్కు కింద షెడ్డులో ఉంది. శనివారం మధ్యాహ్నం. దుస్తులు, మూట తెప్పించాలంటే సోమవారందాకా ఆగాలి. నాకు రెండింటికి బ్యాండు రిహార్సలు. కోటు విప్పి చొక్కాతో నేనే దిగి చూశాను. నా ఒళ్ళు నీకు తెలుసు కదా, గడకర్ర. జారిపోయాను. బొమ్మ మూలన 'పరీక్షించితిమి, సరిపోయినది' అని రాసి సంతకం పెట్టి పరుగెత్తాను. గడువులోపల పని ముగించినందుకు బల్లకి పెద్దని చేశారు.

నీ మొదటి ఉత్తరంలో హెడ్లీ ఇరుక్కుని అరిచిన భాగం మీ అమ్మ భయపడుతుందని వదిలేశాననుకున్నావు. బిగ్గరగా చదవలేక వదిలేశాను. వేరే బల్లవాళ్ళ పనని నీకు రాశాను. తర్వాత హెడ్లీ కాగితం వచ్చింది. అంకెలన్నీ కరెక్టు. దాన్ని బ్రాడ్‌బెంట్ గారికిస్తే పాత బొమ్మ తీస్తారు, మూలన నా సంతకం ఉంటుంది. సొరుగులో పెట్టి తాళం వేశాను. 'చేరాల్సిన చోటికి చేర్చాను' అని నీకు రాసింది ఆ సొరుగు గురించి. మంచిమాట చెప్పారని, మనుషులొస్తారని రాసిందంతా కల్పన. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

కార్డులో ఎందువల్లో తెలుసని రాసినప్పుడు నా సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. 'ఎవరి మీదా నింద వేయకూడదు' అన్నది నిన్ను కాపాడ్డానికి కాదు. నన్ను నిందించొద్దని నేను అడుక్కోవడం అది. దాన్ని నువ్వు చిరిగేదాకా దగ్గర పెట్టుకున్నావు.

జూన్‌లో నీ కథ చదివాక వెంటనే ఈ నాలుగు ముక్కలు రాసి ఉంటే నీమీది బరువు కొంతైనా దిగేది. నాకు తెలుసు. తెలిసీ నాలుగు నెలలు నిన్ను ఆ గనిలో ఉంచాను, నీ దృష్టిలో మంచివాడిగా ఉండాలని.

పోయిన సోమవారం హెడ్లీ కాగితం తీసుకుని బ్రాడ్‌బెంట్ గారి దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇలాంటివి ఇంకో మూడు వచ్చాయి హావర్త్, వేరే దళాల నుంచి. పైకి పంపాను. ఉత్పత్తి ఆపడం కుదరదన్నారు. నీది నాలుగోది అయ్యేది, అంతే. యుద్ధం అయిపోయింది, చింపి పారెయ్" అన్నారు. చింపలేదు, ఫైల్లో పెట్టమని పట్టుబట్టాను. పెట్టారో లేదో తెలియదు. కానీ ఆ మాట విని మెట్లు దిగుతుంటే నా ఒళ్ళు తేలికపడింది రా. ఇస్తే మాత్రం ఏం జరిగేది, అనుకున్నాను. వీధి మలుపు దాకా అలా తేలిగ్గానే నడిచాను. ఇప్పటిదాకా రాసినవాటన్నిటికంటే ఆ నాలుగడుగులకే నాకు ఎక్కువ సిగ్గేస్తోంది.

క్లెమెంట్ హావర్త్


ఉత్తర వేల్స్,
1 డిసెంబర్ 1945

మామయ్యా,

బ్రాడ్‌బెంట్ చెప్పింది నిజమే కావచ్చు. కాగితం ఇచ్చినా తలుపు వెడల్పయ్యేది కాదేమో.

కానీ మే నెలలో నువ్వు 'కాదన్నార్రా' అని ఒక్క ముక్క రాసి ఉంటే, లేదా అసలేమీ రాయకుండా ఉంటే, మేము ఆ కసరత్తు మానేవాళ్ళం కాదు. వారం వారం చేస్తూ ఉండేవాళ్ళం. జులై ఇరవైన నా చేతులు వాటంతట అవే వాడి మూట తిప్పేవి. భయం ఉన్నా తిప్పేవి.

నువ్వు నన్ను నిద్రపొమ్మన్నావు. పోయాం అందరం.

నేను ముందు దూకాను, అది అలాగే ఉంది. నీ సంగతి తెలిస్తే అది తగ్గుతుందనుకున్నావేమో. తగ్గలేదు. ఇప్పుడు రెండున్నాయి.

హెడ్లీ వాళ్ళమ్మకి చెప్పాలి. ఆవిడ పంపిన రొట్టె నువ్వు తిన్నావు, నువ్వే వెళ్ళి చెప్పు.

విల్‌ఫ్రెడ్


మాంచెస్టర్,
18 ఫిబ్రవరి 1946

విల్ఫ్,

వెళ్ళొచ్చాను. రెండుసార్లు బస్సెక్కి సగంలో దిగిపోయాను, ఇది మూడోసారి.

కొట్లో ఆవిడొక్కతే ఉంది. పొట్టి మనిషి, ముంజేతుల దాకా పిండి. విల్ఫ్ మేనమామనని చెప్పగానే, "తలుపు బాగుచేయిస్తానన్న ఆయనేనా? అయ్యో, రండి, చలిలో నిలబడ్డారేం" అని కుర్చీ లాగింది. టీ పెట్టబోయింది. పెట్టకముందే చెప్పేశాను, లేకపోతే ఆ టీ కూడా తాగేవాణ్ణి.

చేతిలోని కెటిల్ పొయ్యి పక్కన పెట్టేసింది. తర్వాత, "ఎంతుంటుంది అది?" అంది. చేతులతో చూపించాను. "చేతులతో కాదు. మీ పని గీయడం కదా, గీయండి" అని ధరలు రాసే సుద్దముక్క ఇచ్చింది. నేలమీద మోకాళ్ళూని గీశాను. కొలబద్ద లేకపోయినా అంగుళం తేడా రాలేదు. నా చేతికి ఆ కొలత అంత బాగా తెలుసు.

ఆవిడ వచ్చి దాని పక్కన నిలబడింది. "ఇందులో పిండి బస్తా పట్టదే" అంది. నాతో అన్నట్టు లేదు. తర్వాత తలెత్తి, "వెళ్ళండి" అంది. వచ్చేశాను. నీ గురించి నేనేమీ చెప్పలేదు. అది నీది.

కంపెనీలో మానేశాను. పెద్ద త్యాగమేం కాదు, బొమ్మ మూలన సంతకం పెట్టబోతే చెయ్యి ఆగిపోతోంది. ఓ బడిలో డ్రాయింగు చెబుతున్నాను.

నువ్వు జవాబు రాయనక్కర్లేదు.

క్లెమెంట్


స్కిప్టన్,
23 ఏప్రిల్ 1946

మామయ్యా,

హెడ్లీ వాళ్ళమ్మ నాకు ఒక్క వాక్యం రాసింది: 'మీ మామయ్య వచ్చి వెళ్ళాడు, నువ్వెప్పుడు?' ఆరు వారాలు జేబులో పెట్టుకు తిరిగి నిన్న వచ్చాను.

నిలబడే చెప్పాను. ఒప్పందం, భుజం తట్టడం, నేను ముందు దూకడం, ఆ కాళ్ళు. మొత్తం. తిడుతుందనో, కాకపోతే తల నిమిరి నీ తప్పేం లేదు నాయనా అంటుందనో రెండింటికీ సిద్ధపడి వచ్చాను. రెండోదానికే ఎక్కువ భయపడ్డాను.

ఆవిడ చేతులు తుడుచుకుని కూచుంది. "మీ మామయ్య వచ్చాడు, తన బరువు ఈ బల్లమీద దించిపోయాడు. నువ్వొచ్చావు, నీదీ దించావు. ఇద్దరూ ఆ కన్నం గురించే చెప్పారు. కన్నం ఎంతుందో, ఎవరు గీశారో, ఎవరు ముందు దూకారో. నా కొడుకు గురించి ఒక్కడు ఒక్క ముక్క చెప్పలేదు. నెలల తరబడి నీ పక్కనే ఉన్నాడు కదరా వాడు. ఏం చేసేవాడు? ఎలా ఉండేవాడు?" అంది.

చెప్పబోయాను. వాడి మొహం గుర్తురాలేదు మామయ్యా. కాళ్ళే గుర్తొచ్చాయి. ఆ కాళ్ళ సిగ్గుతో బతుకుతూ మనిషిని మరిచిపోయాను. అంత సిగ్గు నాకు ఫ్రాన్సు మీద కూడా వేయలేదు.

ఆవిడ తొందరపెట్టలేదు. పొయ్యిలోంచి రొట్టెలు తీసి వరసగా పెట్టింది. ఒకదాన్ని తిరగేసి అడుగున వేలితో టకటక కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. భోజనాల హాల్లో హెడ్లీ ప్రతి రొట్టెనీ అలాగే తిరగేసి, డాక్టరులా చెవి పెట్టి విని, "పాపం, లోపల పచ్చిగా ఉంది, బతకదు" అనేవాడు. వంటవాడు గరిటె పుచ్చుకుని వెంటపడేవాడు. అది చెప్పాను. తర్వాత ఇంకోటి వచ్చింది. బాతులంటే వాడికి వణుకు. ఫిరంగి గుండ్ల మధ్య డయళ్ళు చదివి చెప్పే మనిషి, రన్‌వే పక్క పొలంలో బాతులుంటే మైలు చుట్టూ తిరిగి వచ్చేవాడు. "నాలుగో ఏట ఒకటి పొడిచింది" అంది ఆవిడ. క్యాంటీన్‌లో డోరిస్ అనే అమ్మాయితో మాట్లాడే ధైర్యం లేక, బాగానే ఉన్న ఆమె సైకిల్ని మూడుసార్లు విప్పి బిగించాడు. మూడోసారి చైను ఎక్కించడం మరిచిపోయాడు. ఆవిడ నవ్వింది. నవ్వుతూ ఏప్రన్ అంచుతో మొహం కప్పుకుంది. తర్వాత, "ఆ అమ్మాయి ఎలా ఉంటుంది?" అని అడిగింది.

కొట్టు మూసేదాకా చెప్పాను. మళ్ళీ రమ్మంది. నన్ను ఏమీ క్షమించలేదు, ఆ మాటే మా మధ్య రాలేదు.

ఈ పూట మన ఉత్తరాలన్నీ మనసులో తిరగేశాను. రెండేళ్ళలో వాడి గురించి మనం రాసుకున్నదంతా వాడి లావు, వాడి చేతిరాత, వాడి చావు. అంతే.

ఆదివారం అమ్మ దగ్గరికి వస్తున్నాను. నువ్వూ రా. నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు, అడగొద్దు. తలుపు మాట, సంతకం మాట కూడా ఎత్తొద్దు. నువ్వు హెడ్లీని ఎన్నడూ చూడలేదు కదా. కూర్చుని విను. పొద్దున్నే రా, చెప్పాల్సింది చాలా ఉంది.

విల్ఫ్